చుక్కల షెడ్డులో నాలుగో కుర్చీ

41వ రోజు

నా కుర్చీ లాక్కున్నారు. లాక్కున్నది చెన్నరాయుడు, మా అద్దాలచేను సంఘం కార్యదర్శి. లాక్కుని సుంకమ్మకు ఇచ్చాడు. రేపెవరైనా వచ్చి "అది అట్ల కాదులే హంపమ్మా" అని నసిగితే ఈ పేజీ చూపిస్తాను. అందుకే పేర్లతో సహా రాస్తున్నాను.

కుర్చీ అంటే కూర్చునే కుర్చీయే. చుక్కల షెడ్డులో అలాంటివి పన్నెండున్నాయి. నల్లమచ్చ ముదిరి ఒంట్లోకి దిగినవాళ్ళను మూడు వారాలకోసారి అక్కడ కూర్చోబెట్టి నరంలోకి మందు చుక్కచుక్కగా ఎక్కిస్తారు. చేనులో నాలుగువేలమందిమి ఉన్నాం. మందు సీసాలు పన్నెండే వస్తాయి. నాలుగో కుర్చీ నాది. నా ఎడమ మడమ కింద మచ్చను కోసి తీసేశారు, తొడమీది చర్మం తెచ్చి ఆ గుంటకు అతికించారు, గజ్జలో గడ్డ తీసి చూస్తే అందులోనూ జబ్బు గింజ కనపడింది. కత్తితో అయ్యేదంతా అయింది, ఇక మిగిలింది చుక్కలే.

మూడుసార్లు ఎక్కించుకున్నాను. మూడోదాని తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి, రోజుకు ఏడుసార్లు. షెడ్డు నర్సు పీరాంబీ అక్కతో చెప్పాను. ఆమె నా కళ్ళూ నాలుకా చూసి, "మంచిపని చేస్తివి బిన్న వచ్చి, ముదరకముందే" అంది. "మన ఒంట్లో కాపలా కాసేవాళ్ళకు ఈ జబ్బు కళ్ళకు గంతలు కడ్తాది. మందు ఆ గంతలు ఇప్పుతాది. ఇప్పినాక ఒక్కోసారి వాళ్ళు దొంగనిడిచిపెట్టి ఇంటోళ్ళనే కొడ్తారు. నీకు పేగులు కొడ్తాండారు. మాత్రలిస్తా, గమ్మునుంటారు."

మాత్రలు ఇచ్చింది. కార్డులో రాసింది. ఆ కార్డు చూసి చెన్నరాయుడు నా పేరు మీద గీత గీసి పక్కన "చుక్క నిలవని ఒళ్ళు" అని రాశాడు. ఇబ్బంది చెప్పిన ఒంటికి మళ్ళీ మందు లేదు, అది షెడ్డు నియమం. షెడ్డు గోడ మీద పెద్ద పలక ఉంటుంది, "ఇబ్బందులు: 0" అని. నా గీత పడగానే పలక మళ్ళీ సున్నాకు వచ్చింది.

సంఘం పాత గదిలో ట్రంకుపెట్టె నిండా కరపత్రాలు దొరికాయి నాకు పదమూడో ఏట. నా చదువంతా అదే. ఏ కరపత్రం తీసినా మొదటి పేజీలోనే ఉంటుంది, నిజం జనంలో చెప్పాలని. చెప్పాను. కుర్చీ పోయింది.

43వ రోజు

కుర్చీ ఎవరికైనా ఇచ్చి ఉంటే ఇంత మంట ఉండేది కాదు. సుంకమ్మకు ఇచ్చారు.

మా చేనులో పదేళ్ళు రాగానే ఒక్కొక్కరికి ఒక వీపుజతను కుదురుస్తారు. ఎవరి వీపు వాళ్ళకు కనపడదు కదా. పదిరోజులకోసారి ఒకరి చొక్కా ఒకరు విప్పి, భూతద్దం పట్టి, ప్రతి మచ్చనూ కార్డు మీద గియ్యాలి. అంచు చెదిరిందా, రంగు రెండు మూడుగా మారిందా, పోయినసారి కంటే పెరిగిందా అని చూడాలి. ఆ జత చచ్చేదాకా మారదు. అక్కాచెల్లెళ్ళయినా పెళ్ళయి పక్క వరుసకు పోతారు గానీ వీపుజత పోదు.

నా జత సుంకమ్మ. ఆమె కుడిభుజం వెనక మచ్చ అంచు వంకర తిరిగిందని పట్టింది నేను. కందిగింజంత ఉన్నప్పుడే పట్టాను, అయినా అప్పటికే ఒక గింజ చంక గడ్డలోకి దిగింది. నా మడమ కిందిది ఆమె పట్టలేదు. కార్డు మీద వీపు, రొమ్ము, చేతులు, మొహం ఉంటాయి. అరికాలు లేదు. పై పొర చిరిగిన ఆకాశం కింద, ఎండను పట్టే అద్దాలు చుట్టూ పెట్టుకొని బతికేవాళ్ళం. ఎండ తగిలేచోటే మచ్చ వస్తుందని అందరం నమ్మాం. అరికాలి మచ్చకు ఎండతో పనిలేదని కోసిన తర్వాత పీరాంబీ అక్క చెప్పింది. అద్దాలు తుడిచే నల్లముద్ద అంటుకుందనుకుని నేను ఏడాదిపాటు ఆ మచ్చను ఇటుకముక్కతో రుద్దాను.

అంటే నా కన్ను ఆమెకు పనికొచ్చింది. ఆమె కన్ను నాకు పనికి రాలేదు. ఇప్పుడు నా కుర్చీ కూడా ఆమెకే. కార్డు తప్పు ఆమెది కాదని నాకు తెలుసు. తెలిస్తే మంట తగ్గాలని ఎక్కడా లేదు.

44వ రోజు

ఈరోజు సుంకమ్మకు మొదటి చుక్క. వీపుజత పక్కన ఉండాలని నియమం. నా కుర్చీలో ఆమె, పక్కన ముక్కాలిపీట మీద నేను.

"ఏమ్మే హంపీ, మొగం అట్ల పెట్టినావు? నేను సచ్చినట్ల" అంది.

"నీకేం, మారాణివి. కిటికీ పక్కన గాలి బాగొస్తాదా?"

"వస్తాది. నువ్వు కూచ్చోని ఇంత గుంత చేసినావు, నాకు సరిపోలే." నవ్వింది. నేను నవ్వలేదు. తనే మెల్లగా అంది, "నేనడగలేదు మే. ఆ చెన్నరాయన్న వచ్చి పేరు పిలిచె. రానంటే ఇంకొకరికిస్తాడు గానీ నీకియ్యడు కదా."

మాట నిజమే. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

చుక్కలో ఉన్నవాళ్ళను జత రోజూ మూడు ప్రశ్నలు అడిగి కార్డులో రాయాలి. కడుపు ఎన్నిసార్లు కదిలింది? ఊపిరి ఎట్లా ఉంది? చర్మం, కళ్ళు ఏ రంగున ఉన్నాయి? ఎండ ముదిరిందని సైరను పగటి కూత కూసి అందరం నీడలోకి చేరాక అడగాలి. నాకు చుక్క ఎక్కించిన రోజుల్లో సుంకమ్మ ఒక్కరోజు కూడా మానకుండా అడిగింది.

58వ రోజు

విరేచనాలు ఆగి చాలా రోజులైంది. మాత్రలు మాత్రం ఒక్కసారిగా మానకూడదట, వారానికింత తగ్గించుకుంటూ రావాలి. వాటివల్ల పట్టుకున్న ఆకలి మాత్రం ఆగడం లేదు. నాలుగు జొన్నరొట్టెలు తిని చెయ్యి కడుక్కునేసరికి మళ్ళీ ఆకలి. నిద్ర లేదు. మొహం ఉబ్బింది.

సుంకమ్మ చూసి, "బుగ్గలు బన్నుల మాదిరయినాయే. కొరుక్కుంటా రా" అంది. ఆమె ఇంటి పక్కనున్న నలుగురూ నవ్వారు. ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. ఒళ్ళు కాస్త దురద, అంతే. కొబ్బరినూనె రాసుకుని, వదులు నూలుచొక్కా వేసుకుని అద్దాలు తుడుస్తుంది. నాకు గడ్డ తీసిన కాలు సాయంత్రానికి దుంగలా వాస్తుంది. గుడ్డపట్టీ చుట్టి, రెండు దిండ్ల మీద ఎత్తిపెట్టుకుని రాస్తున్నాను ఇది.

ఆమె కాళ్ళు రెండూ బాగున్నాయి. అదీ రాసుకున్నాను.

101వ రోజు

సుంకమ్మకు తెల్లమచ్చలు వచ్చాయి.

ముంజేతుల మీద మొదలైంది, పాలు చిలకరించినట్టు. ఇప్పుడు మెడ దగ్గర కూడా. మందు పట్టినవాళ్ళలో కొందరికి అలా వస్తుంది. కాపలావాళ్ళు జబ్బు కణాల్ని వేటాడుతూ చర్మానికి రంగు పూసే కణాల్ని కూడా కొడతారట. తెలుపు వచ్చిందంటే లోపల దెబ్బ తగులుతున్నట్టే. చేనులో తెల్లమచ్చ కంటే పెద్ద శుభవార్త లేదు. వరుసలోని ఆడవాళ్ళందరూ వచ్చి ఆమె చేతులు తాకి కళ్ళకద్దుకున్నారు. ఎవరో బెల్లం పంచారు. సుంకమ్మ అవ్వ, ఎల్లమ్మవ్వ, నా గడ్డం పట్టుకొని, "నీ కన్ను చలవమ్మా. నువ్వే కదా మొదట చూసింది" అంది. బెల్లం ముక్క నా నోట్లో పెట్టింది. మింగలేక మింగాను.

పగటి కూత తర్వాత తలుపు వేసుకుని, భూతద్దం పట్టి నా ఒళ్ళంతా వెతికాను. ఎడమ మోచేతి దగ్గర ఒక తెల్లటి చుక్క. ఉమ్మి పెట్టి తుడిస్తే పోయింది. అద్దాల పొడి.

పీరాంబీ అక్క ఆమెకు ఒకటికి రెండుసార్లు చెప్పింది, తెల్లబడ్డచోట ఎండ తగిలితే కాలిన బొబ్బ లేస్తుందని, చేతులు కప్పుకోమని. సుంకమ్మ చేతులు మడిచి పైకి కట్టుకుని తిరుగుతోంది. చూపించుకోవడానికే. నేనైతే? నేనూ అలాగే తిరుగుతాను. ఇంకా పైకి కట్టుకుంటాను.

104వ రోజు

నా మాత్రలు అయిపోయాయి. పట్నం డాక్టరమ్మ తెరమీద నన్ను చూసి, మళ్ళీ చుక్క మొదలుపెట్టవచ్చు, జాగ్రత్తగా చూసుకుంటూ ఇవ్వండి అని రాసి పంపింది. ఆ కాగితం తీసుకొని చెన్నరాయుడి దగ్గరకు పోయాను.

చదివాడు. మడిచి తిరిగి ఇచ్చాడు.

"ఆమె పట్నంలో ఉంది పాపా. సీసాలు నా దగ్గర ఉండాయి."

"అయితే? మందు మీ నాయన సొత్తా?"

కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. కుర్చీలోంచి లేచి కిటికీ మూశాడు, అవతల ఎవరికో వినపడకూడదన్నట్టు.

"నా చెల్లెలు గిరిజమ్మ. నీకు తెల్దు, నువ్వు పుట్టకముందు. అప్పుడు కుర్చీలు నాలుగే. ఈ వరండాలోనే కూచ్చోనుండె, ఎవురన్నా లేస్తే తనకొస్తాదని. లోపలొకాయనకు పడక, సగం సీసా బయట మోరీ కాలవలో పారబోసిరి. నేను చూస్తా ఉండా. ఆయమ్మ చూస్తా ఉండె. నెల్లాళ్ళకు పాయె." నా కాగితం వైపు వేలు చూపించాడు. "ఒక్క చుక్క కూడా మోరీలో పోనీను. నిలిచే ఒంటికే ఇస్తా. నీకు కోపమొస్తే రానీ."

నా దగ్గర జవాబుంది. నిలిచే ఒళ్ళేదో నిలవని ఒళ్ళేదో తేల్చాల్సింది డాక్టరు, నీ చెల్లెలి దుఃఖం కాదు అని. నోటిదాకా వచ్చింది. ఆయన మూసిన కిటికీ గడియ తీసి మళ్ళీ వేస్తున్నాడు. చెప్పకుండా వచ్చేశాను. ఆ తర్వాత దారి పొడుగునా చెప్పుకుంటూ నడిచాను.

107వ రోజు

సుంకమ్మకు నాలుగో చుక్క. పక్కన కూర్చోవాలి. కాలు నొప్పి అని బయటే నిలబడ్డాను. కాలు నొప్పి లేదు.

109వ రోజు

సుంకమ్మ కార్డు: బాగుంది.

అడగలేదు. అడిగితే "బాగుండా మే" అంటుంది, పళ్ళన్నీ కనపడేట్టు. ఆ మాట నేను వినలేను. వినకుండానే రాశాను.

110వ రోజు

సుంకమ్మ కార్డు: బాగుంది.

తనే నా దగ్గరికొచ్చి కార్డు చేతిలో పెట్టి కాసేపు నిలబడింది. ఏదో మెచ్చుకోలు కోసం అనుకున్నాను. రాసి, మొహం చూడకుండా ఇచ్చాను. పోయింది.

111వ రోజు

బాగుంది.

పొద్దున అద్దాల దగ్గర నుంచి నాలుగుసార్లు వరుస విడిచి వెళ్ళింది. నేను ఒకసారి నీళ్ళకు పోతేనే మేస్త్రీ అరుస్తాడు. తెల్లమచ్చల మహారాణిని ఎవరేమంటారు?

112వ రోజు

బాగుంది.

రొట్టె విడిచిపెట్టి గంజి తాగుతోంది. ఎల్లమ్మవ్వ బతిమాలుతోంది, ఆమె వద్దంటోంది. ముద్దు చేసేవాళ్ళుంటే ఎన్ని వేషాలైనా వెయ్యొచ్చు.

113వ రోజు

బాగుంది.

పగలంతా పడుకునే ఉంది. మేమంతా సాయంత్రం రెండో దఫా తుడిచాం. ఆమె వాటా అద్దాలు కూడా నాకే పడ్డాయి. బరబరా రుద్దాను, ఒకటి గీసుకుపోయింది.

114వ రోజు

బాగుంది.

115వ రోజు

పొద్దున ఎనిమిదింటికి సుంకమ్మ అద్దాల మధ్య పడిపోయింది. ఎదురుగా నేనే ఉన్నాను. చేతిలో గుడ్డ అలాగే ఉంది, మోకాళ్ళ మీద కూలి పక్కకు ఒరిగింది. పరుగెత్తి పట్టుకుంటే ఒళ్ళు ఎండిన తోలులా ఉంది. పెదాలు పగిలి ఉన్నాయి. లంగా వెనక నెత్తురు. నెలసరి అనుకున్నాను. కాదు.

నలుగురం మోసుకుని షెడ్డుకు తెచ్చాం. పీరాంబీ అక్క పొట్ట నొక్కి చూసి, "ఎన్నిరోజులనుంచి?" అంది.

సుంకమ్మ ఆరు వేళ్ళు చూపించింది.

"దినానికెన్నిసార్లు?"

"పది... పదకొండు."

పీరాంబీ అక్క నావైపు తిరగలేదు. నరానికి సూది గుచ్చింది, సెలైను పెట్టింది, నేను మింగిన మాత్రల మందునే నేరుగా నరంలోకి ఎక్కించింది. అంతా అయ్యాక కార్డు తీసి నా ముందు పెట్టింది. బాగుంది. బాగుంది. బాగుంది. బాగుంది. బాగుంది. బాగుంది. ఆరూ నా చేతిరాత.

"నేను కార్డులో ఏముంటే అది పలక మీద రాస్తా" అంది. "కార్డు రాసేది మీరు కదమ్మా."

116వ రోజు

ప్రాణానికి ఫర్వాలేదు. పేగు చిల్లి పడేదాకా పోలేదు. ఇంకొక్కరోజు గడిస్తే ఏమయ్యేదో పీరాంబీ అక్క చెప్పలేదు, నేను అడగలేదు.

మధ్యాహ్నం కళ్ళు తెరిచింది. తడిగుడ్డతో పెదాలు తుడుస్తున్నాను.

"ఎందుకు దాచినావే?" అన్నాను.

"నువ్వు చెప్పినావు కదా. ఏమాయె నీకు?" గొంతు గాలిలా ఉంది. "కుర్చీ పాయె. నన్ను నీ మాదిరి చేస్తారని భయమాయె."

"నాకన్నా చెప్పుండచ్చు కదే. నేనేం చెన్నరాయునికి చెప్తానా?"

నా చేతిలోని తడిగుడ్డను పక్కకు తోసింది. "కార్డు తెచ్చిచ్చి నిలబడితిని కదే నీ ముందర. నువ్వడిగింటే చెప్పేదాన్ని."

బయటకొచ్చి షెడ్డు గోడ దగ్గర కూర్చున్నాను. నేను చదివిన కరపత్రాల్లో దుర్మార్గుడు ఎప్పుడూ ఎత్తుగా, కడుపు నిండి, ఎక్కడో పైన ఉంటాడు. పక్కింట్లో ఉబ్బిన బుగ్గలతో కూర్చుని అడగాల్సిన మూడు ప్రశ్నలు అడగనివాళ్ళ గురించి ఎవరూ రాయలేదు.

118వ రోజు

చెన్నరాయుడు మా ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు.

"నాలుగో కుర్చీ ఖాళీ అయింది. నూట ఇరవై ఎనిమిదో రోజు చుక్క. నువ్వు రా."

కాలు దిండ్ల మీంచి దించాను.

"డాక్టరమ్మ కాగితం ఉండాది కదా నీ దగ్గర. ఈసారికి నియమం సడలిస్తా." జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. "దీంట్లో ఒక సంతకం పెట్టు. సుంకమ్మ ఇబ్బంది దాచిందని, నువ్వడిగితే అబద్ధం చెప్పిందని. పలక మీద సున్నా మార్చాల్సొస్తే కారణం ఉండల్ల గదా."

ఈ పేజీలోనైనా ఉన్నదున్నట్టు రాస్తాను. ముందు సంతోషమైంది. నా ఒళ్ళంతా లేచి నిలబడింది. గజ్జలో మిగిలిన గింజ ఏదైనా ఉంటే అది చావాలి, నేను బతకాలి, నా చేతుల మీద కూడా పాలు చిలకరించినట్టు మచ్చలు రావాలి, ఆడవాళ్ళు వచ్చి కళ్ళకద్దుకోవాలి. కాగితం తీసుకున్నాను కూడా. కలం ఎక్కడుందో వెతికాను.

అప్పుడు కాగితం మీద "నువ్వడిగితే" అన్న మాట కనపడింది.

"నేనడగలేదు" అన్నాను.

"ఏం?"

"నేనడగలేదు చెన్నరాయన్నా. ఆరు దినాలు అడక్కుండనే రాసినా. దాచింది నేను. నా పేరు మీద గీత పడల్ల. ఒకటి ముందే ఉండాది, రెండోది కొట్టు."

కాగితం తిరిగిస్తే ఆయన తీసుకోలేదు. బల్ల మీద అలాగే ఉంది. "ఆలోచన చెయ్యి. పదిరోజులుంది" అని వెళ్ళిపోయాడు.

120వ రోజు

పీరాంబీ అక్కను అడిగాను. ఇబ్బంది వచ్చినవాళ్ళకు మందు పారబోసినట్టేనా?

"ఎవురు చెప్పింది?" అంది కోపంగా, తుడుస్తున్న పళ్ళెం పక్కన పెట్టి. "మొదట్లోనే చెప్తే మాత్రలతో అణుగుతాది. శానామందికి మళ్ళీ చుక్క పెట్టొచ్చు. కొంతమందికి ఆపల్ల. ఆపినా అంతవరకూ ఎక్కిన మందు పని చేస్తానే ఉంటాది చాలాసార్లు. దాచితేనే పోతారు. నేను చెన్నరాయన్నకు వందసార్లు చెప్పినా. పలక చూపిస్తాడు. మా చేనులో ఇబ్బందుల్లేవు, ఇంకా సీసాలు పంపండని పట్నానికి రాస్తాడు. సున్నా ఉంటేనే పంపుతారని ఆయప్ప నమ్మకం."

"పలక అబద్ధమని నీకు తెల్సు కదా?"

"తెల్సు." పళ్ళెం మళ్ళీ చేతిలోకి తీసుకుని అంది, "నేనూ రాసినా కదా ఆ సున్నా. దినామూ."

124వ రోజు

నాలుగు రోజులుగా చుక్కలో ఉన్న మిగతా పదకొండు మంది ఇళ్ళకూ తిరిగాను. మామూలుగా నేను ఎవరింటికైనా పోతే ఉపన్యాసం ఇస్తాను. అందరూ తలుపు వేస్తారు. ఈసారి ఏమీ చెప్పలేదు. గడపలో కూర్చుని మూడు ప్రశ్నలు అడిగాను. కడుపు ఎన్నిసార్లు? ఊపిరి ఎట్లుంది? చర్మం చూపిస్తావా?

అందరూ మొదట "బాగుంది" అనే అన్నారు. నేను లేవలేదు. ఆరో వరుస ముసలాయన దగ్గర మంచినీళ్ళు అడిగి తాగి, మళ్ళీ అడిగాను. మెట్లెక్కితే ఆయాసం, పొడిదగ్గు, పదిహేను రోజులనుంచి అన్నాడు. ఇంకొకామెకు కీళ్ళు బిగుసుకుపోయి పొద్దున జడ వేసుకోవడానికి రావడం లేదు. ఒకాయన చొక్కా విప్పితే వీపంతా ఎర్రటి దద్దుర్లు. ఆయన వీపుజత పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు. ఇంకొకరికి నోరంతా ఎండిపోయి తిండి దిగదు. మరొకామె పట్టపగలు దుప్పటి కప్పుకుని చలికి వణుకుతోంది, పైకి లేవాలంటే గోడ పట్టుకోవాలి.

పదకొండుమందిలో ఏడుగురు.

అందరూ ఒకటే అడిగారు, "నీ మాదిరి చేస్తే?"

దానికి నా దగ్గర ఒకే జవాబు ఉంది. ఒక్కదాన్ని చెప్పాను కాబట్టి ఒక్క గీతతో పోయింది. ఏడుగురూ ఒకే పూట చెబితే ఏడు కుర్చీలు ఖాళీ చెయ్యాలి. చెన్నరాయుడు ఏడు సీసాలు చేతిలో పట్టుకుని ఎవరి నరంలో పోస్తాడు? మోరీలో పోస్తాడా? పొయ్యలేడు. ఆ పని ఆయన చెయ్యలేడని నాకు తెలుసు.

దగ్గు వస్తున్న ముసలాయన్ను మాత్రం ఆగమనలేదు. ఊపిరికి ఆగడానికి లేదని పీరాంబీ అక్క నిన్ననే ఆయన్ను తీసుకుపోయి మందు మొదలుపెట్టింది. కార్డులో రాసింది. ఆ కార్డు ఇంకా చెన్నరాయుడి దాకా పోలేదు, పలక మీద సున్నానే ఉంది.

125వ రోజు

సుంకమ్మ లేచి కూర్చుంటోంది. మాత్రలు మొదలయ్యాయి, ఆకలి కూడా. నా వంతు రొట్టె లాక్కుని తింది. ఆమెకు మళ్ళీ చుక్క ఇస్తారో ఇవ్వరో డాక్టరమ్మ ఇంకా చెప్పలేదు. తెల్లమచ్చలు మాత్రం పోలేదు. మెడ మీద ఇంకో రెండు వచ్చాయి.

"చూడు" అంది చెయ్యి చాపి.

చూశాను. ఇప్పటికీ కడుపు మండింది. ఆ సంగతి ఆమెతోనే చెప్పాను.

"తెల్సులే మే" అంది, నోట్లో రొట్టె పెట్టుకుని. "ఇన్ని దినాలనుంచి నా చెయ్యి చూస్తాండావు గానీ నా మొగం చూడల్యా."

ఈరోజు కడుపు ఎన్నిసార్లు కదిలిందని అడిగాను. మూడుసార్లు అంది. మూడు అని రాశాను.

126వ రోజు

ఇది దినచర్య కాదు. దీన్ని పాత మచ్చల కార్డుల వెనక నలభై ప్రతులు రాసి అన్ని వరుసల నీళ్ళతొట్ల దగ్గరా అంటిస్తున్నాను.

అద్దాలచేను అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ.

చుక్కల షెడ్డు పలక మీదున్న సున్నా అబద్ధం. దాన్ని రాయించినవాడు చెన్నరాయుడు. రాసింది పీరాంబీ అక్క, ఆమె పేరు రాయమని ఆమే చెప్పింది. ఆరు రోజులపాటు అబద్ధపు కార్డు ఇచ్చినదాన్ని నేను, నాలుగో వరుస హంపమ్మను. అసూయతో చేశాను. నా వీపుజత చావు దాకా పోయి వచ్చింది.

ఇబ్బంది చెప్పడం నేరం కాదు. విరేచనం, దగ్గు, దద్దురు, కీళ్ళనొప్పి, పచ్చబడిన కళ్ళు, లేవలేని నీరసం, ఏది వచ్చినా ఆ రోజే చెప్పాలి. ఆ రోజే చెబితే మాత్రలతో పోతుంది. చెప్పినవాళ్ళకు కుర్చీ ఉండాలో వద్దో డాక్టరు చెప్పాలి, గీత కాదు. కార్డు మీద అరికాలు గియ్యాలి. గోళ్ళ కింద కూడా చూడాలి.

ఎల్లుండి చుక్క. దానికి ముందు మన నోళ్ళతో మనం చెప్పుకోవాలి. పీరాంబీ అక్క కొత్త పుస్తకం తెచ్చి కూర్చుంటుంది. చెన్నరాయన్నను కూడా రమ్మన్నాం, ఆయన చెల్లెలి పేరు కూడా ఆ పుస్తకంలో మొదట రాస్తాం. ముందు సుంకమ్మ మాట్లాడుతుంది. లేవలేకపోతే మంచంతో సహా మోసుకొస్తాం.

మిమ్మల్ని భయపెట్టేవాళ్ళుంటే వాళ్ళను కూడా వెంటబెట్టుకు రండి. మీ వీపుజత చెయ్యి పట్టుకుని రండి. దారిలోనే అడగండి, ఒంట్లో ఎట్లుందని. "బాగుంది" అంటే ఇంకోసారి అడగండి.

రేపు సాయంత్రం సరిగ్గా ఐదు గంటలకు, చుక్కల షెడ్డు ముందు, పలక కింద.